సముద్ర రోబోకు సర్కారు సొమ్ము: ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ ఆగిపోతుంది?

డ్యామ్ గోడకు నీటి అడుగున పగుళ్లు వచ్చాయో లేదో చూడాలంటే ఇప్పటికీ చాలాచోట్ల డైవర్లనే దింపుతారు. ఓడ అడుగుభాగానికి పట్టిన నాచు, గుల్లలు చూడాలన్నా, రేవులో జెట్టీ స్తంభాలు ఎంత తుప్పు పట్టాయో తెలుసుకోవాలన్నా అదే పద్ధతి. మనిషికి బదులు ఆ పని చేసే రోబోలను తయారుచేసే చిన్న కంపెనీలు గత పదేళ్లలో దేశంలో ఒకటొకటిగా పుట్టుకొచ్చాయి. కొచ్చిలోని మేకర్ విలేజ్‌లో ఐరోవ్, ఐఐటీ మద్రాసులో ప్లానిస్, రౌర్కెలా ఎన్‌ఐటీలో కొరాషియా... ఇలా తెలిసిన పేర్లలో ఎక్కువ భాగం ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థల నీడలో మొదలైనవే. ఐరోవ్ తయారుచేసిన 'ట్యూనా' అనే నీటి అడుగు డ్రోన్‌ను 2018లో మొదట తీసుకున్నది కూడా కొచ్చిలోని రక్షణ పరిశోధన ప్రయోగశాల ఎన్‌పీఓఎల్.

అలాంటి ప్రయత్నమే ఇప్పుడు మొదలుపెట్టాలనుకునే ఇంజినీరుకు ఎదురయ్యే మొదటి చిక్కు, సముద్ర రోబోల కోసమే అంటూ కేంద్రం దగ్గర ప్రత్యేక పథకం ఏదీ లేకపోవడం. డబ్బు లేదని కాదు. అది రక్షణ, భూవిజ్ఞాన, శాస్త్ర సాంకేతిక, వాణిజ్య, ఎంఎస్‌ఎంఈ శాఖల మధ్య చెల్లాచెదురుగా ఉంది. ఒక్కో శాఖ ఒకే యంత్రాన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది. నౌకాదళానికి అది మందుపాతరలు వెతికే సాధనం. భూవిజ్ఞాన శాఖకు అది సముద్రపు అడుగు నుంచి సమాచారం తెచ్చే పరికరం. జలవనరుల శాఖ ఇంజినీరుకు డ్యామ్ తనిఖీ కెమెరా. దరఖాస్తు రాయడానికి ముందే తేల్చుకోవాల్సింది రోబో ఎలా ఉంటుందన్నది కాదు, దాన్ని చివరికి కొనేది ఎవరన్నది.

నీళ్లలో ఖర్చు ఎందుకు ఎక్కువ?

గాల్లో ఎగిరే డ్రోన్ల స్టార్టప్‌లు వందల్లో ఉంటే, నీటి కింద పనిచేసేవి వేళ్ల మీద లెక్కపెట్టేలా ఎందుకున్నాయో అర్థమైతే, ఏ పథకం సొమ్ము ఎంతవరకు సరిపోతుందో కూడా అర్థమవుతుంది.

నీటిలో రేడియో తరంగాలు దూరం పోవు. జీపీఎస్ అందదు. అందుకే తాడులాంటి కేబుల్‌తో పైనుంచి నడిపే ఆర్‌వోవీ ఒక రకం, కేబుల్ లేకుండా తానే దారి వెతుక్కునే ఏయూవీ మరో రకం. ఆర్‌వోవీకి కెమెరా, లైట్లు, థ్రస్టర్లు, నీరు చొరబడని పెట్టె ఉంటే తొలి నమూనా తయారవుతుంది. ఏయూవీ అలా కాదు. తాను ఎక్కడున్నదో తానే లెక్క కట్టుకోవాలి కాబట్టి జడత్వ దిక్సూచి వ్యవస్థ, నేలను బట్టి వేగాన్ని శబ్దంతో కొలిచే డాప్లర్ పరికరం, సోనార్ కావాలి. వీటిలో మంచివి ఎక్కువగా విదేశాల నుంచే వస్తాయి. వాటి ధర డాలర్లలో ఉంటుంది, కొన్నిటికి అమ్మే దేశం నుంచి ఎగుమతి లైసెన్సు కూడా రావాలి. పైగా ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 300 మీటర్ల దగ్గర రోబో పెట్టె మీద పడేది ఉపరితలంతో పోలిస్తే 30 రెట్లకు పైమాటే. ఒక్క సీలు వదులైతే యంత్రమంతా పోయినట్టే.

కాబట్టి 10 లక్షల గ్రాంటుతో చెరువులో తిరిగే ఆర్‌వోవీ సాధ్యం. దానితోనే సముద్రంలోకి ఏయూవీని పంపిస్తామని రాస్తే, దరఖాస్తు చదివే నిపుణుడికి మొదటి పేజీలోనే అనుమానం వస్తుంది.

రెండు రిజిస్ట్రేషన్లు, రెండు లోకాలు

చిన్న పరిశ్రమ అనే మాటకూ స్టార్టప్ అనే మాటకూ ప్రభుత్వ కాగితాల్లో చాలా తేడా ఉంది. ఎంఎస్‌ఎంఈగా నమోదు కావాలంటే ఉద్యమ్ పోర్టల్. అది 2020 జూలై 1 నుంచి నడుస్తోంది, పైసా రుసుం లేదు. ఫీజు అడిగే వెబ్‌సైట్లు కనిపిస్తే అవి దళారులవని గుర్తించాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి. యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ పరిశ్రమ. 25 కోట్లు, 100 కోట్ల వరకు చిన్న పరిశ్రమ. 125 కోట్లు, 500 కోట్ల వరకు మధ్య తరహా.

స్టార్టప్ గుర్తింపు ఇచ్చేది వాణిజ్య శాఖ పరిధిలోని డీపీఐఐటీ. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్‌ఎల్‌పీ, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థ వంటివాటికి ఇది వస్తుంది. ఒక్కరి పేరు మీద నడిచే ప్రొప్రయిటర్‌షిప్‌కు రాదు. వర్క్‌షాపు నడుపుతూ రోబో తయారుచేద్దామనుకునే వారు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఈ రెండూ ఉండటం మంచిది, ఎందుకంటే గ్రాంటు ఎక్కువగా స్టార్టప్ గుర్తింపును అడుగుతుంది, టెండరూ బాకీ వసూలూ ఎంఎస్‌ఎంఈ నమోదును అడుగుతాయి.

మొదటి 20 లక్షలు

ఆలోచన కాగితం మీదే ఉన్న దశలో పనికొచ్చేది శాస్త్ర సాంకేతిక శాఖ 'నిధి' కార్యక్రమం. అందులో 'ప్రయాస్' కింద నమూనా తయారీకి 10 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తారు. దరఖాస్తు దిల్లీకి కాదు, ప్రయాస్ కేంద్రంగా ఎంపికైన ఇంక్యుబేటర్‌కు పెట్టుకోవాలి. ఉద్యోగం మానేసి వచ్చినవారికి నెలనెలా కొంత భృతి ఇచ్చే మరో విభాగం కూడా అందులోనే ఉంది.

తర్వాతిది స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్. 945 కోట్ల రూపాయలతో 2021లో మొదలైంది. నమూనా, పరీక్షల దశకు 20 లక్షల దాకా గ్రాంటు. మార్కెట్‌లోకి వెళ్లే దశకు 50 లక్షల దాకా అప్పుగానో, తర్వాత వాటాలుగా మార్చుకునే డిబెంచర్లుగానో ఇస్తారు. ఇదీ ఇంక్యుబేటర్ల ద్వారానే. కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. భారతీయ ప్రమోటర్లకు కనీసం 51 శాతం వాటా ఉండాలి. పథకాన్ని మొదట 2021-22 నుంచి నాలుగేళ్లకే ప్రకటించారు కాబట్టి, ఏ ఇంక్యుబేటర్ దగ్గరైనా ముందు అడగాల్సిన మాట: మీ దగ్గర ఇంకా పంచాల్సిన సొమ్ము ఉందా?

ఇందులో చాలామంది గమనించని నిబంధన ఒకటుంది. కేంద్ర, రాష్ట్ర పథకాల కింద అంతకుముందే 10 లక్షలకు మించి నగదు సాయం పొందినవారు సీడ్ ఫండ్‌కు అనర్హులు. అంటే ఒక రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద ముందుగా 12 లక్షలు తీసుకుంటే, ఇక్కడ 20 లక్షల గ్రాంటు చేజారుతుంది. పోటీల్లో గెలిచిన బహుమతి సొమ్ము, వ్యవస్థాపకులకు ఇచ్చే నెలవారీ భృతి, రాయితీ అద్దె, ప్రయోగశాల వాడకం మాత్రం ఆ 10 లక్షల లెక్కలోకి రావు. ఏ సొమ్ము ముందు తీసుకోవాలి, ఏది తర్వాత అన్న వరస ఇంత ముఖ్యమని పథకాల ప్రకటనల్లో ఎక్కడా పెద్దక్షరాల్లో ఉండదు.

ఇంక్యుబేటర్ ఎంపిక కూడా ఆలోచించి చేయాల్సిందే. సాఫ్ట్‌వేర్ కంపెనీలను పెంచిన చోట నీటి ట్యాంకు ఉండదు, పీడన పరీక్ష గది ఉండదు. కేంద్రం 2018లో 3,660 కోట్లతో ఆమోదించిన సైబర్ ఫిజికల్ వ్యవస్థల జాతీయ మిషన్ కింద 25 కేంద్రాలు వచ్చాయి. వాటిలో నీటి అడుగు అన్వేషణ సాంకేతికతలను ఐఐటీ గువాహటికి అప్పగించారు. సముద్రానికి దూరంగా, బ్రహ్మపుత్ర ఒడ్డున! వినడానికి విచిత్రంగా ఉన్నా, బురద నీటిలో, వేగమైన ప్రవాహంలో పనిచేసే రోబోకు అంతకంటే కఠినమైన పరీక్ష స్థలం దొరకడం కష్టమే. అదే మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో స్వయంచాలిత ప్రయాణ వ్యవస్థల మీద, ఐఐటీ తిరుపతిలో స్థాన నిర్ధారణ సాంకేతికతల మీద కేంద్రాలున్నాయి. జీపీఎస్ లేనిచోట దారి కనుక్కోవడమే ఏయూవీకి అసలు సమస్య కాబట్టి, ఈ రెండూ తెలుగు రాష్ట్రాల బృందాలకు దగ్గరి దారులు.

పెద్ద సొమ్ము ఉన్నది నౌకాదళం వైపే

సముద్ర రోబోల విషయంలో ఇవాళ దేశంలో పెద్ద గ్రాంట్లు ఇచ్చే దారుల్లో రక్షణ శాఖ 'ఐడెక్స్' ఒకటి. 2018 ఏప్రిల్‌లో చెన్నైలో జరిగిన డిఫెన్స్ ఎక్స్‌పోలో ప్రధాని దీన్ని ప్రారంభించారు. నడిపేది డిఫెన్స్ ఇన్నోవేషన్ ఆర్గనైజేషన్ అనే లాభాపేక్ష లేని కంపెనీ. దాన్ని స్థాపించింది హెచ్‌ఏఎల్, బీఈఎల్. 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు 498.78 కోట్లు కేటాయించారు.

పద్ధతి ఇలా ఉంటుంది. సైన్యం, నౌకాదళం, వాయుసేన తమకు కావలసినదాన్ని ఒక ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌గా పోర్టల్‌లో పెడతాయి. స్టార్టప్‌లు, ఎంఎస్‌ఎంఈలు, వ్యక్తిగత ఆవిష్కర్తలు కూడా దానికి పరిష్కారం ప్రతిపాదించవచ్చు. వడపోత, ప్రజెంటేషన్, ఉన్నత స్థాయి ఎంపిక కమిటీ దాటితే ఒప్పందం. మామూలు సవాళ్లకు 1.5 కోట్ల వరకు, 'ఐడెక్స్ ప్రైమ్' కింద 10 కోట్ల వరకు గ్రాంటు. 2024 మార్చిలో 750 కోట్లతో మొదలైన 'అదితి' కింద కీలక సాంకేతికతలకు 25 కోట్ల వరకు. సొమ్ము ఒకేసారి రాదు. ఒప్పందంలో రాసుకున్న దశ ఒక్కోటి పూర్తయినట్టు చూపించాకే తర్వాతి విడత.

నౌకాదళానికి దీనిపై ప్రత్యేక ఆసక్తి ఉంది. 2020లో ఏర్పడిన నేవీ ఆవిష్కరణల విభాగం ఎన్‌ఐఐఓ, 2022 జూలైలో 'స్ప్రింట్' పేరుతో 75 సాంకేతికతల సవాలును ఐడెక్స్‌తో కలిసి ముందుకు తెచ్చింది. మనిషి లేని పడవలు, నీటి అడుగు వాహనాలు ఆ నౌకాదళ సవాళ్లలో పదేపదే కనిపిస్తాయి. సాగర్ డిఫెన్స్ అనే ప్రైవేటు కంపెనీ తయారుచేసిన 'మాతంగి' అనే స్వయంచాలిత పడవ 2024 అక్టోబర్‌లో ముంబై నుంచి తూత్తుకుడి దిశగా సుమారు 1,500 కిలోమీటర్ల ప్రయాణానికి బయల్దేరింది కూడా నౌకాదళం ప్రోత్సాహంతోనే.

ఇక్కడ అంకెల వెనకున్న అసలు లెక్క చూడాలి. ఐడెక్స్ గ్రాంటు ఉత్పత్తి అభివృద్ధి ఖర్చులో సగానికి మించదు. 1.5 కోట్లు కావాలంటే ఇంకో 1.5 కోట్లు కంపెనీ తెచ్చుకోవాలి. 10 కోట్లకు 10 కోట్లు. ఇద్దరు ముగ్గురు యువ ఇంజినీర్లు పెట్టిన కంపెనీకి ఆ సగం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రైవేటు ఇన్వెస్టరు ఆర్డరు చూపించమంటాడు. ఆర్డరు రావాలంటే నమూనా నెగ్గాలి. నమూనా తయారుకావాలంటే ఇన్వెస్టరు సొమ్ము రావాలి. ఐడెక్స్ ఒప్పందం కుదరడంతోనే ఇన్వెస్టర్లకు నమ్మకం కలుగుతుందని ప్రభుత్వం చెబుతుంది. కొన్ని కంపెనీల విషయంలో అది నిజమే అయింది. అయినా దరఖాస్తు పెట్టడానికి ముందే ఆ సగం గురించి ఒక జవాబు ఉండాలి.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. 2025 ఫిబ్రవరి నాటికి ఐడెక్స్ కింద 549 ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లు వెలువడ్డాయి, 430 ఒప్పందాలు కుదిరాయని రక్షణ శాఖ ప్రకటించింది. అదే సమయంలో, ఈ స్టార్టప్‌లు, ఎంఎస్‌ఎంఈల నుంచి 2,400 కోట్లకు పైగా విలువైన 43 వస్తువుల కొనుగోలుకు ఆమోదం లభించిందని కూడా తెలిపింది. అభివృద్ధి దశలో ఉన్నవి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఈ రెండు అంకెలను నేరుగా భాగించి చూడటం సరికాదు. కానీ ఒప్పందానికీ కొనుగోలుకూ మధ్య దూరం ఎంతో ఈ అంకెలే చెబుతున్నాయి. ఆ దూరాన్ని కంపెనీ జీతాలిస్తూ దాటాలి.

ఆ దూరంలో ఏముంటుంది? జేఎస్‌ఎస్ 55555 వంటి సైనిక ప్రమాణాల ప్రకారం వేడి, చలి, కుదుపు, ఉప్పు తేమ పరీక్షలు. తర్వాత సముద్ర ట్రయల్స్. వాటికి నౌక ఖాళీ ఉండాలి, వాతావరణం కలిసిరావాలి, పరీక్షించే అధికారి ఈలోగా బదిలీ కాకూడదు. రుతుపవనాల నెలల్లో పశ్చిమ తీరంలో ట్రయల్స్ ఊహించుకోనక్కర్లేదు, తూర్పు తీరాన అక్టోబర్ నుంచి తుపాన్ల భయం. దరఖాస్తులో ట్రయల్స్‌కు మూడు నెలలు రాసేవారు ఈ క్యాలెండర్‌ను ఒకసారి చూసుకోవాలి.

ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ చదివేటప్పుడు సాంకేతిక వివరాల కన్నా ముందు చూడాల్సింది, నెగ్గితే ఎన్ని కొంటామని సేన చెబుతోందన్నది. రెండు ఏయూవీలు కొనే సవాలుకు, ఇరవై కొనే సవాలుకు కంపెనీ భవిష్యత్తులో ఉండే తేడా గ్రాంటు మొత్తంలో కనిపించదు. ఐడెక్స్ కేంద్ర పథకానికి గానీ 'అదితి'కి గానీ తొలుత ప్రకటించిన కాలం 2025-26తో ముగుస్తుంది. కాబట్టి పాత మార్గదర్శకాల పీడీఎఫ్ పట్టుకుని కూర్చోకుండా, పోర్టల్‌లో ఉన్న తాజా రౌండు నిబంధనలే చదవాలి.

రక్షణ శాఖలోనే మరో దారి డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్. 2022లో ఒక్కో ప్రాజెక్టు పరిమితిని 10 కోట్ల నుంచి 50 కోట్లకు పెంచారు. ప్రాజెక్టు ఖర్చులో 90 శాతం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. సొంత వాటా తక్కువ కాబట్టి చిన్న కంపెనీకి ఇది సులువనిపిస్తుంది. దానికి బదులుగా మేధోసంపత్తి హక్కులు డీఆర్‌డీఓతో ఉమ్మడిగా ఉంటాయి. విదేశీ పెట్టుబడి 49 శాతం మించకూడదు. రేపు అదే సాంకేతికతను నార్వే చేపల ఫారాలకో, గల్ఫ్ చమురు కంపెనీలకో అమ్ముకోవాలనుకునే వారు ఈ ఉమ్మడి హక్కుల నిబంధనను లాయరుతో చదివించుకోవడం మంచిది.

విశాఖపట్నంలోని నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ ల్యాబొరేటరీ గురించి తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. 1969లో ఏర్పడిన ఈ డీఆర్‌డీఓ సంస్థ టార్పెడోలకు పేరుపొందింది. ఇప్పుడు నీటి అడుగు స్వయంచాలిత వాహనాల్లోనూ ముందుంది. మందుపాతరలు గుర్తించే, మనుషులు మోసుకెళ్లగలిగేంత చిన్న ఏయూవీలను తయారుచేసినట్టు 2025 నవంబర్‌లో ప్రకటించారు. స్టార్టప్‌కు ఇది రెండు రకాలుగా ముఖ్యం. తాము చేయబోయేది ప్రభుత్వ ల్యాబ్ ఇప్పటికే చేసిందా అన్నది తెలుస్తుంది. చేసి ఉంటే, పోటీకి దిగేకన్నా ఆ వాహనానికి కావాల్సిన బ్యాటరీ, థ్రస్టరు, శబ్ద మోడెమ్ లాంటి ఒక్క భాగాన్ని స్వదేశీగా చేసివ్వడం నయం కావచ్చు. మొత్తం రోబో కన్నా దానిలోని ఒక భాగానికి సొమ్ము త్వరగా దొరికే అవకాశం ఎక్కువన్నది ఈ రంగంలో పెద్దగా చర్చకు రాని విషయం.

డీప్ ఓషన్ మిషన్: పేరు పెద్దది, దారి ఇరుకు

సముద్ర రోబో అనగానే అందరి చూపూ డీప్ ఓషన్ మిషన్ మీదకు వెళ్తుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు 4,077 కోట్లతో ఆమోదించింది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే 'మత్స్య 6000' ఇందులోనిదే. నడిపించేది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ. మధ్య హిందూ మహాసముద్రంలో పాలీమెటాలిక్ నాడ్యూల్స్ అన్వేషణకు భారత్‌కు ఉన్న 75,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతమే దీని వెనకున్న ప్రధాన ఆసక్తి.

అయితే ఆ సొమ్ములో పెద్ద భాగం నేరుగా చిన్న కంపెనీలకు గ్రాంటుగా పంచడానికి ఉద్దేశించింది కాదు. ఎన్‌ఐఓటీ, ఇంకొన్ని పరిశోధన సంస్థలు తామే ఖర్చు చేస్తాయి. చిన్న కంపెనీ అందులోకి వెళ్లే మార్గం టెండరు, సాంకేతికత బదిలీ, లేదా పరిశోధన సంస్థతో ఉమ్మడి ప్రతిపాదన. ఎన్‌ఐఓటీ 'రోసబ్ 6000' అనే ఆర్‌వోవీని 2010లోనే 5,289 మీటర్ల లోతులో పరీక్షించింది. కాబట్టి వాళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు కొత్త సంగతేదో చెబుతున్నట్టు వెళ్తే కుదరదు.

సొమ్ము కన్నా అక్కడ దొరికే విలువైనది పరీక్షా సదుపాయం. శబ్ద పరికరాలను పరీక్షించే ట్యాంకు, లోతు పీడనాన్ని కృత్రిమంగా కల్పించే హైపర్‌బారిక్ గది ఎన్‌ఐఓటీలో ఉన్నాయి. ఇలాంటివి సొంతంగా కట్టుకోవడం ఏ స్టార్టప్ వల్లా కాదు. సముద్ర ప్రవాహాలు, ఉష్ణోగ్రతల సమాచారానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉంది. సముద్రం లేని నగరంలో ఉన్నా హిందూ మహాసముద్రపు నాడి చూసేది ఆ సంస్థే.

గ్రాంటు కాదు, అప్పు

నమూనా పనిచేసింది, తయారీకి పోవాలి. ఈ దశలో వార్తల్లో ఎక్కువగా వినిపిస్తున్నది లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల నిధి. మంత్రివర్గం 2025 జూలై 1న ఆమోదించింది, నవంబర్ 3న ప్రధాని ప్రారంభించారు. లక్ష కోట్లన్న అంకె చూసి ఆశపడే ముందు మూడు విషయాలు తెలియాలి. ఇది గ్రాంటు కాదు, తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక రుణం, లేదా వాటా పెట్టుబడి. ప్రభుత్వం నేరుగా ఇవ్వదు, మధ్యలో ఫండ్ మేనేజర్లు ఉంటారు. ప్రయోగశాలలో పనిచేసిందని నిరూపించిన నాలుగో స్థాయి సంసిద్ధత, ఆపైన ఉన్నవాటికే ఇది. కాగితం మీది ఆలోచనకు ఇక్కడ చోటు లేదు.

పాతదే అయినా పెద్దగా ప్రచారం లేనిది టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు. 1996 నుంచి ఉంది. స్వదేశీ సాంకేతికతను మార్కెట్‌కు తెచ్చే ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా 5 శాతం సాధారణ వడ్డీకి రుణమిస్తుంది. ఇక బ్యాంకు అప్పుకు తనఖా లేనివారికి సీజీటీఎంఎస్‌ఈ హామీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 5 కోట్ల నుంచి 10 కోట్లకు పెరిగింది. హామీ ఉన్నంత మాత్రాన అప్పు మాఫీ అయినట్టు కాదు. అది బ్యాంకుకు రక్షణ, కట్టాల్సింది కంపెనీయే. బ్రాంచి మేనేజరుకు రొయ్యల చెరువు అప్పు తెలుసు, రైస్ మిల్లు అప్పు తెలుసు. నీటి అడుగు రోబో అంటే ఏమిటో చెప్పడానికి ఒక వీడియో వెంట తీసుకెళ్లడం వృథా పోదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

ఇలాంటి పథకాలన్నిటికీ ప్రపంచంలో పేరున్న నమూనా అమెరికా ఎస్‌బీఐఆర్. 1982 చట్టంతో మొదలైంది. బయటి పరిశోధనల మీద ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చుపెట్టే ప్రతి ఫెడరల్ సంస్థా అందులో 3.2 శాతం చిన్న కంపెనీలకు పక్కన పెట్టాలి. నేవీ, సముద్ర వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ రెండూ ఇందులో ఉన్నాయి. మొదటి దశలో సాధ్యాసాధ్యాల పరిశీలన, రెండో దశలో నమూనా, మూడో దశలో కొనుగోలు. మూడో దశలో మళ్లీ టెండరు పిలవకుండా అదే కంపెనీకి ఆర్డరు ఇచ్చే వెసులుబాటు ఉంది. ప్రభుత్వం కంపెనీలో వాటా అడగదు.

అక్కడ స్థిరపడిన తెలుగు ఇంజినీర్లకు తగిలే నిబంధన యాజమాన్యానిది. కంపెనీలో 50 శాతానికి పైగా అమెరికా పౌరులు లేదా శాశ్వత నివాసుల చేతిలో ఉండాలి. హెచ్1బీ వీసా మీదున్నవారి వాటా ఆ లెక్కలోకి రాదు. ఉద్యోగుల సంఖ్య 500 మించకూడదు. ప్రధాన పరిశోధకుడి ముఖ్య ఉద్యోగం ఆ కంపెనీలోనే ఉండాలి కాబట్టి, పగలు పెద్ద కంపెనీలో పనిచేస్తూ రాత్రిళ్లు నడిపే స్టార్టప్‌కు ఇది కుదరదు. 2025 సెప్టెంబర్ 30న ఈ కార్యక్రమం చట్టబద్ధ గడువు తీరిపోయింది. కాబట్టి దరఖాస్తు ఆలోచనకు ముందు ఆయా సంస్థలు కొత్త ప్రతిపాదనలు తీసుకుంటున్నాయా లేదా చూడాలి.

మన దేశంలో దీని పేరును దాదాపుగా అలాగే తెచ్చుకున్నది జీవసాంకేతిక శాఖ. 2005లో ఎస్‌బీఐఆర్‌ఐ అనే పథకం పెట్టింది. వెతికేవారికి ఇంటర్నెట్‌లో అదే ముందు కనిపిస్తుంది, కానీ అది మందులు, టీకాల లోకం. రోబోకు పనికిరాదు.

ఆర్డరు వచ్చాక

నౌకాదళం ఒక్కటే కొనుగోలుదారు అనుకుంటే కంపెనీ ఊపిరి ఆ ఒక్క కార్యాలయం ఫైళ్లలో ఉన్నట్టే. 2021 డ్యామ్ భద్రత చట్టం ప్రకారం యజమానులు ఏటా వర్షాకాలానికి ముందూ తర్వాతా డ్యామ్‌లను తనిఖీ చేయాలి. దేశంలో పెద్ద డ్యామ్‌లు 6 వేలకు పైనే. 2009 వరద తర్వాత శ్రీశైలం డ్యామ్ దిగువన ప్లంజ్ పూల్‌లో ఏర్పడిన గొయ్యి గురించి మన పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చిందో చెప్పనక్కర్లేదు. రేవులు, వంతెనలు, చమురు పైపులు, తాగునీటి ట్యాంకులు కూడా ఇలాంటి పనే. రోబోను అమ్మకుండా తనిఖీని సేవగా అమ్మితే ఏటా ఆదాయం ఉంటుంది. ఐడెక్స్‌కు జతచేయాల్సిన ఆ సగం వాటాకు ఇదొక ఆధారం.

ప్రభుత్వ టెండర్లలో చిన్న కంపెనీలకు కొన్ని రక్షణలున్నాయి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ధరావతు మినహాయింపు ఉంది. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలకు తగ్గితే తప్ప గత అనుభవం, టర్నోవర్ షరతులు స్టార్టప్‌లకు సడలించవచ్చు. 'సడలించవచ్చు' అనే మాట దగ్గరే అంతా ఉంది, ఎందుకంటే భద్రతతో ముడిపడిన కొనుగోలు అని ఒక్క వాక్యం రాస్తే ఆ సడలింపు పోతుంది. టెండరు ముందు సమావేశంలో ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడగాలి. టెండరు ముగిశాక అడిగినా లాభం లేదు.

బిల్లుల విషయంలో 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం గట్టిదే. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకో సేవో తీసుకున్నవారు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. కానీ ఉన్న ఒకే ఒక పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎందరికుంటుంది?

పన్ను సంగతి గ్రాంటు సంతోషంలో చాలామంది మరిచిపోతారు. 2015 సవరణ తర్వాత ప్రభుత్వ గ్రాంటును, ఆస్తి ఖరీదులోంచి తగ్గించి చూపే సందర్భాల్లో తప్ప, ఆదాయంగానే లెక్కిస్తారు. మార్చిలో విడత వచ్చి ఖర్చు జూన్‌లో అయితే, లెక్కల పుస్తకం ఎలా రాయాలో సీఏతో ముందే మాట్లాడుకోవాలి. గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా, వినియోగ ధ్రువపత్రం తప్పవు.

విదేశాలకు అమ్మాలనుకుంటే 'స్కోమెట్' జాబితా చూడాలి. సైనిక, పౌర అవసరాలు రెండిటికీ పనికొచ్చే వస్తువుల ఎగుమతి నియంత్రణ జాబితా ఇది. అందులో సముద్ర పరికరాలకు విడిగా ఒక భాగం ఉంది, మనిషి లేని నీటి అడుగు వాహనాల్లో కొన్ని దాని కిందకు వస్తాయి. లోతు, స్వయంచాలక సామర్థ్యం, సోనార్ స్థాయిని బట్టి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ అనుమతి కావాల్సి రావచ్చు. డెమో కోసం కొలంబోకో దుబాయ్‌కో సూట్‌కేసులో తీసుకెళ్లినా అది ఎగుమతే. ఆ అనుమతికి పట్టే సమయాన్ని ఒప్పందంలోని డెలివరీ తేదీలో కలిపి రాసుకోవాలి.